కొసరు చుట్టు

ముందు గొంతు వినిపించింది. మనిషి కనిపించలేదు.

“అయిదు... ఆరు... ఏడు...”

లెక్క నేల అడుగునుంచి వస్తోంది. ఒక్కొక్క అంకె వెనుక సర్రుమని ఒక చప్పుడు. సిమెంటు గోడకు తాడు ఒరుసుకున్నట్టున్న చప్పుడు. అంకె, సర్రు, అంకె, సర్రు. మే నెల ఎండ ముదరకముందే పని ముగించాలని పొద్దు పొడవకుండానే కాలువ కట్ట కిందికి చేరే రోజులవి. కట్ట నీడ ఇంకా నల్లగా ఉంది. ఒక రాతి మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నేను వింటున్నాను.

“ఎనిమిది.”

సర్రుమంది. ఎనిమిది అని రాశాను. పెన్నుకు మూత పెడుతుండగా మరొకసారి సర్రుమంది. దానికి అంకె లేదు. గుంతలో మనిషి కాళ్ళు సర్దుకున్నాడనుకున్నాను.

తరువాత గుంత అంచు మీద రెండు చేతులు కనిపించాయి. వాటి వెనుక తలపాగా, తలపాగా కింద చెమట, చెమట కింద నవ్వు.

“అయిపోయింది బిడ్డా. రాసుకున్నవా?”

“రాసుకున్నాను మామా.”

రాసుకున్నాను. ఆ రాతలో లోటు ఉందని తెలియడానికి మూడు నెలలు పట్టింది.

అది 2013. కృష్ణమూర్తి గారు మిర్యాలగూడలో ఒక ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. నేను అలేఖ్యను, ఎమ్మెస్సీ ముగించి ఆయన దగ్గర ప్రాజెక్టు పనికి కుదిరినదాన్ని. మాది కోదాడ. నాన్నది ఎరువుల దుకాణం. వచ్చిన రైతునల్లా వరస పెట్టి పలకరించే మనిషి ఆయన. ఆయన కూతురినైన నాకు నలుగురి ముందు గొంతు పెగలదు. కృష్ణమూర్తి గారు అది మొదటి వారంలోనే కనిపెట్టి, నాకు మాట్లాడే పని ఏదీ అప్పగించలేదు. గట్టి అట్ట వేసిన పుస్తకం ఒకటి ఇచ్చారు.

నాగార్జున సాగర్ ఎడమ కాలువనుంచి చీలి చిలుకూరు వైపు వచ్చే ఒక మేజరు కాలువ కట్టలో, రెండు కిలోమీటర్ల పొడవున, ఒక గాజు దారాన్ని పాతిపెట్టాలి. కట్టకు ఎక్కడ బుంగ పడినా, ఆ బుంగ గండిగా మారకముందే ఆ దారం మాకు చెప్పాలి. అదీ మా పని.

దారం వెంట్రుకంత మందం. వేలంత లావున్న నల్లని తొడుగులో అది ఉంటుంది. రెండు కిలోమీటర్లూ ఒకే ముక్కగా దొరకదు. ముక్కకు ముక్క అతకాలి. అతుకు చెడితే పైకి తీసి మళ్ళీ అతకాలి. అందుకని రెండు వందల మీటర్లకొక గుంత తవ్వి, సిమెంటు రింగు దించి, దాని లోగోడ వెంట ఎనిమిది చుట్ల కేబులును అదనంగా ఉంచుతాం. చుట్టుకు మూడు మీటర్లు.

“యంత్రం దారాన్ని కొలుస్తుంది, అలేఖ్యా. దానికి నేల సంగతి తెలియదు,” అన్నారు కృష్ణమూర్తి గారు పుస్తకం చేతిలో పెడుతూ. “దారం మీది మీటరునుంచి నేల మీది మీటరుకు తోవ చూపేది ఈ పుస్తకం ఒక్కటే. ఏ గుంతలో ఎన్ని చుట్లున్నాయో తప్పకుండా రాయి.”

గుంతల్లో కేబులు చుట్టిన మనిషిని మేము పిలవలేదు. ఆయనే వచ్చాడు. మొదటి రోజు మా కూలీలు కేబులును మెలిపెట్టి లాగుతుంటే, కట్ట మీద గొర్రెలను ఆపుకుని చూస్తున్న ఆ కాపరి తాళలేక దిగివచ్చాడు.

“గట్ల గుంజుతరా ఎవలన్న? మెలివడ్తె లోపటిది పుటుక్కుమంటది. జర ఇటియ్యుండ్రి.”

ఏళ్ళ తరబడి మంద చుట్టూ వల కట్టి, వల విప్పి, తాడు చుట్టి అలవాటుపడిన చేతులవి. ఆ చేతుల్లో కేబులు మెలి తిరగడం మరిచిపోయింది. నాటినుంచి పది గుంతలూ ఆయనవే. నేను మామా అని పిలిచాను. ఆయన భార్య సరోజనను అత్తా అన్నాను. ఎండెక్కేవేళకు ఆమె సద్ది తెచ్చేది. నాకు గ్లాసు నిండా మజ్జిగ పోసేది. నిండిన గ్లాసులో మళ్ళీ రవ్వంత వంపేది. అది పొర్లి నా వేళ్ళ మీద కారేది.

“ఇంతకు దీంట్ల ఏం పారుతది బిడ్డా? కరెంటా?” అని అడిగింది ఒకరోజు.

“వెలుగత్తా. ముట్టుకున్నా ఏం కాదు.”

“వెలుగును తీస్కపోయి మట్టిల పాతిపెడ్తిరి. ఎవలకు కనవడాలె?”

ఒక్కరితో, ఇద్దరితో మాట్లాడగలను నేను. “ఇక్కడినుంచి ఒక్క తళుకు పంపుతామత్తా. అది పోతూ పోతూ దారి పొడుగునా రవ్వంత రవ్వంత వెనక్కి చిందుతుంది. ఆ చిందు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో మిషను చూస్తుంది. ఎంతసేపైతే అంత దూరం.”

మామ అంబలి గిన్నె దించాడు. “బాయిల గులకరాయి ఏసినట్టు. సప్పుడు ఎంత ఆల్చెంగొస్తె నీళ్ళు అంత లోతుకున్నయన్నట్టు.”

“అంతే మామా! కాకపోతే ఇది చాలా తొందర. మీటరు దూరం పోయి రావడానికి సెకనులో పదికోట్లో వంతు చాలు.”

“ఏందే దానికంత తొందర?” అంది అత్త. “సూర్యాపేట బస్సు అందుకోవాల్నా?”

నవ్వుకుంటూనే మిగతాదీ చెప్పాను. ఆ చిందులో రెండు రంగులుంటాయి. ఒకటి ఎండకూ చలికీ అంతగా లొంగదు. రెండవది చుట్టూ ఉన్న మన్ను వెచ్చబడితే పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ మీటరు దగ్గర ఎంత వెచ్చన ఉందో తెలుస్తుంది. కాలువ నీరు కట్ట మట్టికంటే చల్లన. ఎక్కడ నీరు ఊరితే అక్కడ దారానికి చలి తగులుతుంది.

“అంటె కట్టకు నాడి సూసుడన్నట్టు,” అన్నాడు మామ. అని, మట్టిలోకి దిగుతున్న ఆ నల్లని కేబులును అరచేత్తో ఒకసారి నిమిరాడు.

పుస్తకంలో చివరి గడి ఒకటి ఉండేది: చుట్టినవారి పేరు. ఒకనాడు ఆ గడి చూపించి అత్తనే అడిగాను. “మామ పేరేంటత్తా? ఇక్కడ రాయాలి.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పెనిమిటి పేరు నేనెట్ల జెప్త? ముప్పై ఏండ్లాయె, ఒక్కపారన్న నోట్లెకెల్లి రాలే. ఆయన్నే అడుగు.”

ఆయన్ని అడగడానికి బిడియపడ్డాను. రోజూ మామా అని పిలిచే మనిషిని, నెల గడిచాక, నీ పేరేమిటని అడగడమెలా? రేపు అడుగుదామనుకున్నాను. రేపులు పది గడిచాయి. పది గుంతలూ నిండాయి. గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఇంకొక పని కూడా అలాగే ఉండిపోయింది. దారాన్ని పాతిన తరువాత, నేల మీద తెలిసిన చోట కేబులు మీద మంచుగడ్డ పెట్టి, ఆ చలి యంత్రానికి ఎన్నో మీటరులో కనబడుతుందో సరిచూడాలి. మొదటి గుంతకు ముందు ఒక చోట పెట్టి చూశాం. మీటరుకు మీటరు సరిపోయింది. అంతలో వాన కమ్ముకొచ్చింది. కోదాడనుంచి తెచ్చిన మంచుగడ్డ సంచీలోనే కరిగిపోయింది. మిగతా చోట్లకు పుస్తకం ఉందికదా అనుకున్నాం.

ఆగస్టులో కాలువకు నీళ్ళు వదిలారు. ముందు సగం మట్టానికే. యంత్రం తూము పక్కన లష్కర్ గదిలో ఉండేది; దారం మొదలయ్యేదీ అక్కడే. లష్కర్ భిక్షపతి ఆ కాలువకు కాపలాదారు. కట్ట వెంట నడవడం, తూము తలుపు ఎత్తడం, దించడం ఆయన పని. మా యంత్రం కోసం గదిలో ఫ్యాను పెట్టించినప్పటినుంచి ఆయనకు దాని మీద చిన్న కినుక.

“పదేండ్లు నేనీడ ఉడికిన, ఒక్కడు ఫ్యాను దేలే. గీ డబ్బా వచ్చిన తెల్లారే గిర్రున తిరగవట్టె. మళ్ళ జన్మంటూ ఉంటె మిషనై పుడ్త మేడం.”

ఆ మధ్యాహ్నం భిక్షపతే మొదట చూశాడు. తెర మీద రెండు కిలోమీటర్ల గీత నిదానంగా సాగిపోతూ, ఒక్క చోట కిందికి కుంగింది. రెండు డిగ్రీల పైన చలి. దారం మీద 1,470వ మీటరు.

పుస్తకం తెరిచాను. ఆ చోటికి ముందు ఆరు గుంతలు. గుంతకు ఎనిమిది చుట్లు, చుట్టుకు మూడు మీటర్లు. ఆరు గుంతలకు నూట నలభై నాలుగు. తీసివేస్తే నేల మీద 1,326.

కృష్ణమూర్తి గారు మిర్యాలగూడనుంచి మరునాడు ఉదయానికల్లా వచ్చారు. అక్కడికి నడిచి వెళ్ళాం. కట్ట దిగువన నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. వాటి పక్క బీడులోనే మామ మంద పెట్టుకున్నాడు. వలలోపల తల్లులు, తట్టల కింద నాలుగు రోజుల పిల్లలు. కట్ట తెగితే ముందు నీరు చేరేది ఆ తట్టల దగ్గరికే.

నాలుగు మీటర్ల పొడవున కట్ట మొదలు తవ్వించాం. కేబులు బయటపడింది. దాని చుట్టూ మట్టి పొడిగా, చేతిలో పట్టుకుంటే రాలిపోయేంత పొడిగా ఉంది. ఇంకా లోతు తవ్వాం. పొడి. కాలువ చూసే ఏఈ గారు వచ్చి, చేతులు నడుము మీద పెట్టుకుని చాలాసేపు చూశారు.

“సార్, మీ మిషన్‌కు దండం. బుంగ లేని కాడ మీరే బుంగ జేసేటట్టున్నరు. రేపు పొద్దున ఆరింటికి నిండు మట్టం వదుల్తరు. చివరి ఆయకట్టు రైతులు నార్లు వోసుకొని కండ్లల్ల వత్తులేసుకొని కూసున్నరు. ఇగ తవ్వకుండ్రి.”

కృష్ణమూర్తి గారు ఒక్కరోజు ఆపమని పెద్ద ఇంజనీర్లను అడగడానికి సూర్యాపేటకు బయలుదేరారు. జీపు ఎక్కుతూ నావైపు తిరిగి, గొంతు పెంచకుండా, “నీ పుస్తకం ఒకసారి చూడమ్మా,” అన్నారు.

చూడమన్నారు, అంతే. తప్పుందని అనలేదు. కానీ ఆ మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది.

రేపు ఆరు గంటలకు నీరు రెట్టింపవుతుంది. బుంగ ఎక్కడో ఉంది. మా దారం అబద్ధం ఆడదు. అబద్ధం ఆడగలిగింది పుస్తకం ఒక్కటే, దాన్ని రాసింది నేను. చేయవలసిన పరీక్ష నాకు తెలుసు. తవ్విన చోట కేబులు బయటే ఉంది. దాని మీద చల్లనిదో వేడిదో పెట్టి, అది ఎన్నో మీటరో చూస్తే చాలు. తెలిసీ కదల్లేకపోయాను. లెక్క తప్పని తేలితే, ఏ గుంతలో తప్పిందో, ఎంత తప్పిందో, ఇక ఆ పుస్తకంలో దేన్ని నమ్మాలో చెప్పలేను. పుటలు తిప్పాను. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. అంకెలన్నీ శుభ్రంగా, ఒకేలా, నా చేతిరాతలో ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం నాలుగయింది. మంద దగ్గరికి వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. పిల్లలున్న తట్టలను మామ ఎత్తు మీదికి మారుస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు సంగతి అర్థమైంది. పొయ్యి మీద ఎసరు పెట్టి అత్త గాలి ఊదుతోంది. వల కట్టిన తాడు విప్పి, పాతిన గుంజకు మామ చుట్టడం మొదలుపెట్టాడు.

“ఆరు... ఏడు... ఎనిమిది.”

సర్రుమంది. మళ్ళీ ఒకసారి సర్రుమంది. అంకె లేదు.

తల ఎత్తాను. కాళ్ళు సర్దుకోలేదాయన. నా కళ్ళముందే గుంజ చుట్టూ తాడు ఇంకొక చుట్టు తిరిగింది.

“మామా, ఎనిమిది అన్నాక ఇంకొకటి చుట్టావు.”

“అవ్. కొసరు.”

“దాన్ని లెక్క పెట్టలేదేం?”

ఆయన నాకేసి విడ్డూరంగా చూశాడు. పొయ్యి దగ్గరినుంచి అత్త అందుకుంది. “కొసరు లెక్కవెడ్తారే పిచ్చిపిల్లా? లెక్కవెడ్తె కొసరెట్లయితది? నీ మజ్జిగ గలాసల వంపినప్పుడు లెక్కవెట్టిన్నా?”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “గుంతల్లో కూడా... కొసరు వేశావా మామా? అన్ని గుంతల్లో?”

“ఎయ్యకెట్ల?” అన్నాడాయన. “భూమిల వెట్టేదాన్ని కచ్చితంగ కొల్సి వెడ్తమా? రేపు అతుకు వోతె పొట్టిగ కావద్దని ఒక సుట్టు ఎక్కువనే ఏసిన. మీదే కేబులు, మీకే పనికొస్తదని.” నా మొహం చూసి ఆయన గొంతు తగ్గింది. “తప్పైందా బిడ్డా?”

ఆరు గుంతలు, ఆరు కొసర్లు. చుట్టుకు మూడు మీటర్లు. పద్దెనిమిది.

“తప్పు నీది కాదు మామా,” అని లేచాను. “అత్తా, ఆ ఎసరు నాకివ్వు.”

“అన్నానికి వెట్టిన్నే!”

“అన్నం తర్వాత తిందాం. ఇవ్వత్తా!”

మరుగుతున్న కుండను గుడ్డలు చుట్టి మామ ఎత్తుకున్నాడు. మేము తవ్వి వదిలేసిన చోటికి ముగ్గురం పరిగెత్తినట్టే నడిచాం. భిక్షపతికి ఫోను చేసి తెర ముందు కూర్చోమన్నాను. బయటపడి ఉన్న కేబులు మీద గోనెపట్టా కప్పి, దాని మీద మామ వేడినీళ్ళు నిదానంగా పోశాడు. ఆవిరి లేచింది. ఫోనులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

“మేడం! మొటిమ లేసింది!”

“ఎక్కడ? అంకె చదువు భిక్షపతన్నా!”

“పద్నాలుగు వందల... ఎనభై ఎనిమిది. ఆ సల్ల గుంట గాడనే ఉంది, డెబ్బై కాడ. రెండూ పక్కపక్కన కనవడుతున్నయ్.”

మా లెక్క ప్రకారం మేము నిలబడింది 1,470 మీద. దారం లెక్కలో నిలబడింది 1,488 మీద. బుంగ మాకు పద్దెనిమిది మీటర్లు ఇవతల, తూము వైపు ఉంది. టేపు పట్టుకుని కొలిచాను. పద్దెనిమిదో మీటరు మీద మామ తన కర్ర గుచ్చాడు.

మోచేతి లోతు తవ్వేసరికి మన్ను రంగు మారింది. ఇంకొక జానెడు, మన్ను చేతికి అంటుకుంది. ఇంకొక జానెడు, నీరు ఊరింది, సన్నగా, చల్లగా, ఎండ్రకాయల బొరియ ఒకదానిలోనుంచి. ఆ నీటిలో చెయ్యి పెట్టి మామ కాసేపు అలాగే ఉంచాడు. ఏదో ప్రాణి ఒంటి మీద చెయ్యి వేసినట్టు.

“దొరికినవే నా తల్లీ,” అన్నాడు.

భిక్షపతి కబురుతో ఏఈ గారు వచ్చారు. చూశారు. ఈసారి చేతులు నడుము మీద పెట్టుకోలేదు; చొక్కా చేతులు మడిచారు. కాలువ వైపు నోరు వెతికి నల్లమట్టి, వరిగడ్డి కలిపి కూరారు. ఇసుక బస్తాలు పేర్చారు. ఇవతల తవ్వినచోట పొర మీద పొర మట్టి నింపారు. దిమ్మిస కొట్టే మనుషుల కోసం ఏఈ గారు చిలుకూరుకు ఫోను చేయబోతుంటే మామ ఆపాడు.

“మనుషులొచ్చేటాళ్ళకు పొద్దువోతది. నా కాడ వెయ్యి కాళ్ళున్నయి సార్.”

రెండు వందల యాభై గొర్రెలను ఆ కొత్త మట్టి మీదికి తోలాడు. అటూ ఇటూ, అటూ ఇటూ. గిట్టలు మట్టిని దంచాయి. ఒక పొర, నాలుగు నడకలు. మరొక పొర, నాలుగు నడకలు. సూర్యుడు వాలే వేళకు ఆ చోటు మిగతా కట్టలాగే గట్టిపడింది. కృష్ణమూర్తి గారు సూర్యాపేటనుంచి ఫోను చేశారు. రుజువు లేకుండా నీళ్ళు ఆపలేమన్నారట. ఆయన గొంతు అలసి ఉంది.

“ఇక ఆపనక్కరలేదు సార్,” అన్నాను.

మరునాడు ఉదయం ఆరింటికి నిండు మట్టం వచ్చింది. తెర మీద కుంగిన గీత రోజంతా కొద్దికొద్దిగా లేచి, మరుసటి రోజుకు వరసలో కలిసింది. నీరు ఆ కట్ట దాటి, చివరి ఆయకట్టు దాకా వెళ్ళింది. పుస్తకంలో పది గుంతల ఎదుటా ఎనిమిదిని కొట్టివేసి తొమ్మిది రాశాను. పక్కన “ఒకటి కొసరు” అని రాశాను. చుట్టినవారి పేరు అడుగుదామని బీడుకు వెళ్ళేసరికి మంద లేదు. గుంజలు పీకిన గుంతలు, చల్లారిన పొయ్యి రాళ్ళు ఉన్నాయి. మేత కోసం పాలకీడు వైపు తోలుకుపోయాడని భిక్షపతి చెప్పాడు. ఆ పేరు భిక్షపతిని అడిగినా చెప్పేవాడే. అడగాలని తోచలేదు. నాకు ఆయన మామ; అంతే చాలుననుకున్నాను.

డిసెంబరులో సూర్యాపేటలో ఇంజనీర్ల సమావేశం పెట్టారు. ఇలాంటి దారాన్ని ఇంకొన్ని కట్టల్లో పాతాలా వద్దా తేల్చడానికి. నేను ముందురోజే చిలుకూరు వెళ్ళాను, మామను, అత్తను వెంట తీసుకుపోదామని. మామ లేడు. మందతో కృష్ణ దాటి పోయాడు. ఉగాదికి గాని రాడు. మోకాళ్ళ నొప్పులతో అత్త ఊళ్ళోనే ఉండిపోయింది. కోదాడ బస్టాండులో ఆమెకు కిటికీ పక్క సీటు పట్టాను.

“గంత పెద్దోళ్ళ నడుమ నేనేం జేయాలె బిడ్డా?”

“కూర్చో అత్తా. నువ్వుంటే నాకు ధైర్యం.”

హాలులో అరవై మంది. కృష్ణమూర్తి గారు అంతా వివరించారు: తళుకు, చిందు, చలి, మీటర్లు. లెక్క తప్పిన సంగతీ దాచలేదు. తెలిసిన చోట్లన్నింటా వేడినీళ్ళతో సరిచూసుకోకుండా ఇకమీద ఏ కట్టనూ వదలబోమన్నారు. ముందు వరసలోని పెద్ద ఇంజనీరు గారు మా పుస్తకాన్ని చేతికి తీసుకుని ఒక్కొక్క పుట తిప్పారు.

“తొమ్మిది చుట్లు, ఒకటి కొసరు. భలే ఉంది. ఈ గడి ఖాళీగా ఉందేం? చుట్టినవారి పేరు?”

కృష్ణమూర్తి గారు నావైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. అరవై తలలు నావైపు తిరిగాయి. అయినా మాట వచ్చింది.

“నేను అడగలేదు సార్. నెలరోజులు ఆయన పక్కన కూర్చుని రాశాను. రోజూ వాళ్ళ మజ్జిగ తాగాను. ఆయన ఆ ఒక్క చుట్టు మాకు మంచి జరగాలనే వేశాడు. లెక్క తప్పింది నా వల్ల. బుంగ దొరికింది ఆయన వల్ల. పేరు మాత్రం అడగలేదు. వారి భార్య ఇక్కడే ఉన్నారు. కానీ ఆమె చెప్పకూడదు సార్. అది వాళ్ళ పద్ధతి. నేను కనుక్కుని రాస్తాను.”

అంత పొడుగు మాట నలుగురిలో నేనెన్నడూ మాట్లాడలేదు. కూర్చోబోతుంటే నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. గరుకు చెయ్యి.

అత్త లేచింది. తలమీది కొంగు సరిచేసుకుంది. అరవై మందిలో ఎవరినీ చూడలేదు. కిటికీలోనుంచి దక్షిణం వైపు, కృష్ణ ఉన్న వైపు చూసింది.

“మనిషి గాడ లేడు, ఇనడు తియ్,” అని తనలో తాను నవ్వుకుంది. తరువాత నాకేసి తిరిగింది. “కట్ట నిల్సింది. మా పిల్లలు బతికినయ్. నువ్వు ఇంతమందిల ఆయన మాట ఎత్తినవ్. నేను నీకేమియ్యాలె? పెన్ను దీయ్ బిడ్డా, రాసుకో.”

పెన్ను మూత తీశాను. ముప్పై ఏళ్ళుగా పెదవి దాటని మాట ఆమె గొంతులో ఒక్క క్షణం తడబడింది. తరువాత తేటగా, చివరి వరస దాకా వినపడేలా వచ్చింది.

“వీరేశం.”